ఖాళీ అని రాసిన చెయ్యి

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని చిన్నప్పటి నుంచి పేరు. పెళ్లిపత్రికల మీద పేర్లు రాయాలన్నా, బడిలో నల్లబల్ల మీద మంచిమాట రాయాలన్నా నన్నే పిలిచేవారు. సిరిసిల్లలో టీచరుగా పనిచేసినన్నాళ్లూ పిల్లలు నా అక్షరాల్లో ఒక్కదాన్ని చూసి మాత్రం నవ్వేవారు. అది ‘ళ’. దానికి నేను చివర ఒక తోక పెడతాను, పిల్లి కూర్చుని తోక చుట్టుకున్నట్టు. ఎవరూ నేర్పలేదు, చిన్నతనంలో ముచ్చటపడి పెట్టుకున్నాను, తర్వాత మానుకోలేకపోయాను. రిటైరయ్యాక జగిత్యాలలో చెల్లెలి ఇంటి పక్కనే ఇల్లు తీసుకుని ఉంటున్నాను. ఇప్పుడు రాసే పనే లేదు, పాలవాడి చీటీ కూడా ఫోన్లోనే. అట్లాంటి రోజుల్లో ఆ తోకే వచ్చి నన్ను పట్టించింది.

పసుపు ఉడికే రోజులవి. మధ్యాహ్నం తలుపు తీసేసరికి మనిషి కంటే ముందు వాసన లోపలికొచ్చింది. పచ్చి పసుపు కొమ్ము ఉడికినప్పటి వాసన, అందులో కొంచెం మన్ను, కొంచెం ఆకు, గొంతులో చిన్న గరగర. గుమ్మంలో ముప్పయ్యేళ్ల అమ్మాయి, చంకలో చుట్టిన కాగితం. "నేను కోరుట్ల దిక్కు మీ ఊరామెనే టీచరమ్మా. స్వరూప నా పేరు. ఎల్లవ్వ మనుమరాలిని" అంది. ఎల్లవ్వ పేరు విని నేను రెండడుగులు వెనక్కి వేశాను, లోపలికి రమ్మనడానికే అనుకోండి. స్వరూప పెనిమిటి దుబాయిలో పనిచేస్తాడు. ఈమె భూమి కొలతల ట్రైనింగు తీసుకుని ఊళ్లలో కొలతలకు తిరుగుతోంది. ఇవన్నీ నిలబడే చెప్పింది. తర్వాత కింద కూర్చుని ఆ కాగితం విప్పి, నాలుగు మూలలా నా కళ్లద్దాల డబ్బా, నీళ్ల చెంబు, రెండు గిన్నెలు పెట్టింది. అది మా ఊరి నక్ష, భూముల పటం, జిరాక్సు.

"గీడ జూడుండ్రి. గీ రాత ఎవలదో ఎరుకేనా?"

ఊరికి పడమట, కోరుట్ల రోడ్డును ఆనుకున్న పెద్ద భూమి చెక్కలో ఒకే ఒక్క మాట రాసి ఉంది. ఖాళీ. ‘ళ’ చుట్టూ తోక. నేను "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాను. జవాబు చెప్పలేనప్పుడు చాయ్ పెట్టడం మా ఇంటి ఆడవాళ్ల పాత అలవాటు.

చాయ్ తాగుతూ స్వరూప చెప్పిన సంగతి ఇది. ఆ చెక్కను మేం రాట్నం బీడు అంటాం. ఊరి జాతర జరిగేది, రంగులరాట్నం తిరిగేది అక్కడే. దాన్ని ఇప్పుడు గోదాములకు ఇవ్వాలని ఫైలు నడుస్తోంది. "కాయితంల ఖాళీ అని ఉన్నదట, ఎవ్వలకు పనికిరాని జాగనట. మాకు చెలకల్లేవు, కల్లాల్లేవు టీచరమ్మా. కూలికి వచ్చిన వడ్లు ఆరబోసుకునేది గాడ్నే, పసుపు ఆరబోసేది గాడ్నే. వచ్చేవారం సారు బీడు మీదికే ఇచారణకు అస్తడట. ఏ కాలంల ఏం పని ఏ మూలకు అయిందో నేను నక్ష గీస్తున్న. అందరు చెప్తున్నరు గని, ఆఫీసుల ఒక్కటే మాట. గా పాత పట్వారీ తప్పు రాసే మనిషి కాదు, ఆయన ఖాళీ అన్నడంటే ఖాళీనే అంటున్నరు."

ఆ పాత పట్వారీ మా బాపు.

మా ఇంట్లో పొద్దు వాసనలను బట్టి నడిచేది. తెల్లవారి కళ్లాపి వాసన, తర్వాత నాయనమ్మ కాచే పాల పొగవాసన, ఆ తర్వాత బాపు నక్షల పెట్టె తెరిచిన వాసన. వేపాకు, కర్పూరం, పాత గంజి కలిసిన ఆ వాసన ఇంకెక్కడా నాకు తగల్లేదు. నక్ష కాగితం చిరగకుండా దాని వెనక సిరిసిల్ల నుంచి తెచ్చిన ముతక బట్ట అంటించేవాడు బాపు. అమ్మ అన్నం వార్చిన గంజిలో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి ఇచ్చేది. బట్టకు గంజి పూసి, కాగితం పరిచి, నడుమ నుంచి అంచులకు గాలి తోసుకుంటూ పోయేవాడు. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. నాయనమ్మకు పొడుం పీల్చే అలవాటు ఉండేది కనుక ఆమెను పెరట్లోకి పంపేవాళ్లం. ఆమె అక్కడి నుంచే, "ఊరంత కొలిచినవు, ఇగ నా ముక్కు కూడా కొలుస్తవురా?" అని అరిచేది. బాపు నవ్వును ఆపుకుని గాలి తోసేవాడు.

కొలిచే గొలుసు నడింట్లో మేకుకు వేలాడేది. ఇనుప కడ్డీలు, వాటి నడుమ కొక్కేలు, అక్కడక్కడా ఇత్తడి బిళ్లలు. వారానికోసారి ఆముదం రాసి తుడిచేవాడు. అది నేల మీద ఉన్నప్పుడు మేం దాటకూడదు. అమ్మవారి నగలకు కూడా అంత మర్యాద జరగడం నేను చూడలేదు. బాపుకు ఒక నియమం ఉండేది, ఊళ్లో అందరికీ తెలిసిందే. "చూసింది రాయాలె, ఎరిగింది రాయొద్దు" అనేవాడు. ఎందుకు బాపూ అని నేనొకసారి అడిగితే, "ఎరుకల చుట్టాలుంటరు, పగోళ్లుంటరు. కంటికి చుట్టాలుండరు బిడ్డా" అన్నాడు. ఆ మాట విని నేను రెండు రోజులు గర్వంగా తిరిగాను. కొలతకు పోయిన రోజున నేల మీద ఏది కనబడితే అదే రాసేవాడు. ఎవరి గట్టునూ జానెడు జరపలేదు. చనిపోయి ఇన్నేళ్లయినా ఆయన పేరు చెబితే తగాదా ఆగిపోయే ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి.

ఇక రాట్నం బీడు. దాన్ని గురించి చెప్పాలంటే ఏడాది పొడుగునా చెప్పాలి. వానలు పడ్డాక అక్కడ పశువులు మేసేవి. బతుకమ్మ నాడు నడుమ ఆడేవాళ్లం. వరి కోతలయ్యాక సొంత కల్లం లేని వాళ్లంతా ఉత్తరం వైపు నేలను పేడతో అలికి, ఎడ్లతో బంతి తిప్పి వడ్లు రాల్చుకునేవారు. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి మా ఊళ్లో మగ్గాలు పెట్టుకున్న రెండు కుటుంబాలవాళ్లు రోడ్డు వెంబడి పడుగు నూలు బారుగా సాచి గంజి పెట్టేవారు. చలి తగ్గే రోజుల్లో దక్షిణం వైపు పొయ్యిలు తవ్వి, పెద్ద కడాయిల్లో పసుపు ఉడకబెట్టేవారు. పసుపాకే వంటచెరకు. ఆ పొగ ఊరంతా పాకి, మా తలల్లో, పక్కబట్టల్లో, పెరుగులో కూడా ఆ వాసనే. పసుపు ఆరి బండ్లకెక్కిందంటే ఇక జాతర. ఈ పనులన్నీ వాటంతటవే జరుగుతాయని నేననుకునేదాన్ని, వానాకాలం వచ్చినట్టు, ఎండాకాలం వచ్చినట్టు.

జాతర ముందు రోజు ఎల్లవ్వ జాగలు కట్టేది. ఏ దుకాణం ఎక్కడ పెట్టాలో నేల మీద గీసి చూపడాన్ని జాగలు కట్టడం అంటారు. అది వాళ్లింటి కోడళ్ల పని, అత్త నుంచి కోడలికి వస్తుంది. అప్పుడు ఎల్లవ్వకు పాతికేళ్లుంటాయేమో. మోదుగు నారతో పేనిన తాడు, దానికి ముడులు. చెప్పులు లేకుండా బీడంతా నడిచి, ఒక్కోచోట ఆగి, కాలిబొటనవేలితో నేలను రెండుసార్లు నొక్కి, "జిలేబీలోళ్లు గీడ" అని తాడు పరిచేది. వెనక ఇంకొకామె సున్నం గీత గీసేది. ఊళ్లో పెద్దమనుషులు కూడా ఆ గీత దాటి గుంజ పాతేవారు కాదు. నేను గోడ మీద కూర్చుని చూసేదాన్ని. అదొక ఆట అనుకున్నాను. ఏ ఏటికాయేడు ఆమెకు తోచినట్టు గీస్తుందనుకున్నాను. పేరు పెట్టి పిలిచేదాన్ని కూడా, "ఎల్లవ్వా, రాట్నం మా ఇంటి దిక్కు పెట్టించు" అని. ఆమె నవ్వి, "రాట్నం నా మాట వినది బిడ్డా, భూమి మాట వింటది" అనేది.

జాతర అయిపోయాక ఇంకో పద్ధతి ఉండేది. మొదటి వాన పడేదాకా బీడు మీద ఎవరూ ఏ పనీ చేయకూడదు. పశువును కట్టకూడదు, పొయ్యి పెట్టకూడదు. అడ్డదారిన నడిచేవాళ్లు కూడా చుట్టూ తిరిగిపోయేవారు. బీడు పండుకున్నది అనేవారు. ఏడాదంతా అందరినీ మోసింది కదా, ఒక నెల దాన్ని కదిలించొద్దని.

మా బాపు ఊరి నక్షకు కొత్త నకలు రాయడానికి కొలతలకు పోయింది ఆ నెలలోనే. కారణం ఏమీ లేదు, ఆ నెలలో నేల మీద ఏ అడ్డమూ ఉండదు, గొలుసు సాఫీగా సాగుతుందని. నన్నూ తీసుకుపోయాడు. "దీని రాత మంచిగుంటది, అందుకే తోలుకపోతున్న" అని అందరితో చెప్పాడు. అది సగం నిజం. తక్కిన సగం మా ఇంట్లో నలుగురికే తెలుసు. బాపు కళ్లు మసకబారిపోతున్నాయి. గొలుసు బిళ్ల మీద గుర్తు కూడా ఆయనకు కనబడటం లేదు. ఆ సంగతి బయటపడితే పని పోతుంది, పని పోతే ఇల్లు గడవదు. అమ్మ ఆ పొద్దు నాకు దుద్దులు పెట్టి, గడపలో చెయ్యి పట్టుకుని, "నువ్వే చూడాలె" అని మాత్రం అంది. పన్నెండేళ్ల పిల్లను. మా బాపుకు కళ్లు నేనే అన్న గర్వంతో నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

బీడు దగ్గరికి వచ్చేసరికి ఎండ మండుతోంది. ఇద్దరు మనుషులు గొలుసు అటూ ఇటూ లాగారు. బాపు గొడుగు కింద నిలబడి, "గీ చెక్కల ఏమున్నది బిడ్డా?" అన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తెల్లటి ఎండ, ఎండిన నేల, ఒక అంచున తుమ్మచెట్టు, దాని కింద నిలబడిన ఎల్లవ్వ. "ఏం లేదు బాపూ" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన పుట్టి పెరిగిన ఊరది, ఆ బీడు మీద ఏమేం జరుగుతుందో ఆయనకు తెలియదా? కాని నియమం నియమమే. "అయితే ఖాళీ అని రాయి" అన్నాడు. నేను పలక మీద కాగితం పెట్టుకుని, నాలిక బయటపెట్టి, జీవితంలో అంత అందంగా ఎప్పుడూ రాయనట్టు రాశాను. ‘ళ’కు మొదటిసారి తోక పెట్టింది ఆ రోజే.

స్వరూప వెళ్లిపోయాక ఈ సంగతి చెల్లెలికి చెప్పాను. అది కూరగాయలు తరుగుతూ విని, కత్తిపీట మడిచింది. "రాసింది నేను అని చెప్పినవనుకో, ఎందుకు రాసినవంటరు. బాపుకు కండ్లు కనవడకపోయేదని పదిమంది ముందట చెప్తవా అక్కా? ఇన్నేండ్లు దాచింది గందుకేనా?" అంది. బాపు దాచుకున్నది ఒకటే, ఆ ఒక్కటే నేను బయటపెట్టాలి. చెప్పకపోతే ఎల్లవ్వ మనుమరాలు గీసిన నక్ష పక్కన నా గుండ్రటి అక్షరం నిలబడి, అది అబద్ధమని చెబుతూనే ఉంటుంది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో నాడు, ముందు పోయి ఆ నేలను చూసొద్దామని కోరుట్ల బస్సెక్కాను.

ఎల్లవ్వ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను పూర్తిగా తెల్లబడింది. ఇంట్లో కొడుకూ కోడలూ ఆదివారం చర్చికి పోతారు, ఈమె మాత్రం మల్లన్న జాతర తాడు వదల్లేదు. దాని మీద వాళ్లింట్లో ఏ పేచీ లేదట. నన్ను దగ్గరికి రమ్మని మొహం తడిమి, "పంతులు బిడ్డవా? గింత ముసల్దానివైనవా?" అని నవ్వింది. పట్వారీ అయిన మా బాపును ఊరివాళ్లు పంతులు అనే పిలిచేవారు. ఈసారి నా నోటి నుంచి పేరు రాలేదు, "అవ్వా" అనే వచ్చింది. ఆ మాట యాభై ఏళ్ల కిందటే రావాల్సింది.

స్వరూపతో కలిసి ముగ్గురం బీడు మీదికి పోయాం. నేను నడిచినంత మేరా నాకు కనబడింది ఒక మామూలు బీడే. ఒక మూల ఆరబోసిన పసుపు, దాని పక్కన టార్పాలిన్లు, అటువైపు తూకం వేసే షెడ్డు. ఎల్లవ్వ చెప్పులు విడిచి నా చేతికిచ్చింది. మనుమరాలి భుజం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. స్వరూప ఫోను పట్టుకుని పక్కనే నడుస్తోంది, వాళ్లు నడిచిన దారంతా అందులో గీతగా పడుతోంది. కొంతదూరం పోయాక ఎల్లవ్వ ఆగింది. బొటనవేలితో నేలను రెండుసార్లు నొక్కింది. "గిది కడాయిల జాగ. గందుకే జిలేబీలోళ్లను గీడ పెడ్తం. నిప్పుకు అలవాటైన మన్ను, పొయ్యి కుంగది." స్వరూప గడ్డపారతో జానెడు తవ్వింది. పైన ఎర్రమన్ను, కింద నల్లటి బూడిద, బొగ్గు ముక్కలు. ఇప్పుడు పసుపు ఉడకబెట్టేది ట్రాక్టరు మీద వచ్చే బాయిలరు, చేనులోకే వస్తుంది. ఇక్కడ కడాయి పెట్టి ఎన్ని ఏళ్లయిందో ఎల్లవ్వకే తెలియదు. కాని ఆ బూడిద కదల్లేదు.

ఉత్తరం వైపు ఇంకోచోట ఆగింది. "గిది కల్లం. రాట్నం గుంజలు గీడనే పాతాలె, తక్కిన జాగల కదులుతయ్." గడ్డపార వేస్తే నేల కంచుగిన్నెలా మోగింది. ఎన్ని ఏళ్ల పేడ అలుకు, ఎన్ని ఎడ్ల గిట్టలు తొక్కిన నేలో. నా చిన్నప్పుడు రాట్నం భూమి మాట వింటదని ఎల్లవ్వ ఎందుకన్నదో అప్పుడు అర్థమైంది. తూర్పున మన్ను మెత్తగా ఉంది. "గీడ బండ్లు ఇడిసేటోళ్లు. పెంట తిన్న మన్ను, గీడ తినే సామాను పెట్టద్దు." అక్కడ తవ్వితే తుప్పు పట్టిన నాడ, ఎద్దు గిట్టకు కొట్టేది, ఒకటి దొరికింది. రోడ్డు వెంబడి, "పడుగులకు గంజి పెట్టిన జాగ. చీమలు ఇడ్వయి. అందుకే గాజులోళ్లను గీడ పెడ్తం, చీమలకు గాజులేం పనికి?" అంది. నేను వంగి చూశాను, నిజంగానే చీమల బారు. "చీమలు ఏడ లేవు అవ్వా" అని స్వరూప నవ్వింది. "ఉంటే ఉండనీ, నువ్వు రాస్కో" అంది ఎల్లవ్వ.

సున్నం గీతలు ఆమెకు తోచినట్టు గీసినవి కావు. ఏడాది పొడుగునా ఆ నేల మీద ఎవరు ఏం పని చేశారో, అదే జాతర నాడు దుకాణాల వరసగా నిలబడేది. ఊరంతా ఆ వరసలో తిరిగి జిలేబీలు తిని, గాజులు వేసుకుని ఇంటికి పోయేవాళ్లం. మా కాళ్ల కింద ఏముందో మాకెవరికీ తెలియదు, ఆ ఇంటి కోడళ్లకు తప్ప. స్వరూప ఒక చోట కూర్చుని ఫోను నా చేతికిచ్చింది. అందులో పైనుంచి తీసిన బీడు ఫొటో, వానలు పడ్డాక ఎప్పటిదో. కడాయిల జాగలో గడ్డి మొలవని గుండ్రటి మచ్చలు, బండ్ల జాగలో ముదురు పచ్చ, కల్లం మీద పలుచటి పచ్చ. దాని మీద ఇప్పుడు ఎల్లవ్వ నడిచిన గీత. మచ్చ దగ్గర గీత ఆగింది, రంగు మారిన చోట గీత తిరిగింది. కళ్లు సరిగ్గా కనబడని మనిషి కాలితో చెప్పింది, ఆకాశం నుంచి చూసింది, రెండూ ఒకటే. నేను దాన్ని చూస్తూ అట్లాగే నేల మీద కూర్చుండిపోయాను. మా బాపు గొలుసుకు మర్యాద చేసిన ఇంట్లో పుట్టినదాన్ని, దండం పెట్టాల్సింది ఎవరికో ఇంతకాలం నాకు తెలియలేదు.

తిరిగి వస్తుంటే ఎల్లవ్వ మళ్లీ ఆగింది. అక్కడ ఏ పనీ జరిగిన గుర్తు లేదు. తుమ్మచెట్టు కూడా ఇప్పుడు లేదు.

"గీడ నిలవడ్డ నేను. పంతులు గొలుసు పట్టిన దినం. నువ్వు అగో, గాడ నిలవడి రాస్తున్నవు. చెవులకు దుద్దులు పెట్టుకున్నవు."

"గుర్తుంది అవ్వా. ఎందుకు నిలబడ్డవు?"

"అడుగుతరేమోనని. పొద్దు నెత్తి మీదికి అచ్చేదాంక నిలవడ్డ."

"నువ్వే అచ్చి చెప్పొద్దా మరి?"

"అడగంది చెప్తే గొలుసుకు అడ్డం అచ్చినట్టు గాదా బిడ్డా?" అని ఆమె చెప్పులకోసం చెయ్యి చాపింది. వంగి ఆ చెప్పులు ఆమె కాళ్లకు నేనే తొడిగాను. మడమల పగుళ్లలో పసుపు ఉంది. చెల్లెలి మాటకు జవాబు నాకు అక్కడ దొరికింది.

ఆ రోజుకీ ఈ రోజుకీ తేడా లేదని కాదు. ఇప్పుడు యాసంగి వరి, అంటే రెండో పంట, వచ్చింది, ఎండల నెలలోనూ బీడు నిండా వడ్లే. లారీలు, తూకాలు, కూలర్లు పెట్టుకుని కూర్చున్న మనుషులు. బీడు పండుకునే నెల పోయింది. మా కాలంలో దానికి ఒక నెల విశ్రాంతి ఇచ్చి, ఆ నెల చూసి ఖాళీ అని రాశాం. ఇప్పుడు ఒక్క నెల కూడా విశ్రాంతి ఇవ్వకుండా, అదే రాతను పట్టుకుని ఖాళీ అంటున్నారు. అప్పటి వాళ్లు మంచివాళ్లూ, ఇప్పటి వాళ్లు చెడ్డవాళ్లూ అని నేననను. అప్పుడు అడగకపోవడం మర్యాద అనుకున్నాం. ఇప్పుడు తీరిక లేదంటున్నాం. ఎవరూ అడగలేదన్నది మాత్రం రెండు కాలాలకూ ఒక్కటే. ఫైలు ఏమైందో ముందే చెబుతాను, అది ఇంకా తేలలేదు. కాని గోదాముల పని ఆగింది. కోడలు పట్టని తాడు ఈ ఏడు జాతరకు స్వరూప పట్టింది, ఎల్లవ్వ కుర్చీలో కూర్చుని తప్పులు పట్టింది.

విచారణ రోజున బీడు మీద చిన్న షామియానా వేశారు. వచ్చిన అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడు. స్వరూప నక్షను ఓపికగా చూశాడు, ఎద్దు నాడను చేతిలో తిప్పి చూశాడు. "మంచిగ చేసిండ్రమ్మా. కాని పాత రికార్డు నేను కాదనలేను. రాసినాయన గురించి ఊళ్లో అందరు మంచిగనే చెప్తున్నరు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. "సారూ, ఆయన మా బాపు. మంచిగ చెప్పింది నిజమే. కాని ఆ ఏడు ఆయనకు కండ్లు కనబడకపోతుండె. మేం దాచినం. ఈ చెక్కను చూసింది నేను, రాసింది నేను. అప్పుడు నాకు పన్నెండేండ్లు. బీడు పండుకున్న నెలల వచ్చి, ఏం లేదని నేనే చెప్పిన" అన్నాను. ఊరివాళ్లలో ఒకరిద్దరు తలెత్తి నావైపు చూశారు. బాపు పేరు ఆ గాలిలో ఒరిగినట్టు నాకనిపించింది, కాని పడలేదు. వెనక ఒక ముసలాయన మెల్లగా, "నాకెరుకే. చివరి ఏండ్ల మా ఇంటి గడప తట్టుకొని పడ్డడు పంతులు" అన్నాడు. మేం అంత భద్రంగా దాచుకున్నది ఊరు ఎప్పుడో చూసి, మా కోసం తానూ దాచింది.

అధికారి ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. "మీ రాతేనని తెలవాలె కదమ్మా. గా మాట ఒకసారి రాసి చూపెట్టండి" అన్నాడు. నేను రాశాను. ఖాళీ. ‘ళ’ దగ్గరికి రాగానే తోక తనంతట తానే చుట్టుకుంది. ఆయన జిరాక్సు పక్కన పెట్టి చూసి తల ఊపాడు, కాగితం తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు. దాని పక్కనే ఇంకో మాట రాశాను. కాదు.

"అది నేను అడగలేదమ్మా" అన్నాడు ఆయన, కోపంగా కాదు.

"అడగకపోయినా చెప్పాలె సారూ. చెప్పకనే ఇంత దూరం అచ్చింది."

ఆయన ఆ రెండు మాటలూ చదివి కాగితాన్ని ఫైలులో పెట్టుకున్నాడు. తర్వాత స్వరూప నక్ష కింద వేలిముద్ర వేయమని సిరా డబ్బా ఎల్లవ్వ ముందుకు తెచ్చారు. ఆమె చెయ్యి చాపలేదు. "ఏలు ఎందుకు సారూ? నేను కాలుతోని గదా చెప్పిన" అంది. షామియానా కింద అందరూ నవ్వారు, అధికారి కూడా. చివరికి వేలే వేసింది. సిరాను కొంగుకు తుడుచుకుంటూ నా వైపు వంగింది.

"ఏం రాసినవు బిడ్డా?"

"ఖాళీ కాదని రాసిన అవ్వా."

"గదే గదా" అంది ఎల్లవ్వ. "గా దినం అడిగితే నేనే చెప్తుంటి."